పిల్లల్లో మేధో వైకల్యం లక్షణాలను ఎలా గుర్తించాలి?

"వాళ్ళ నాన్నకీ మాటలు లేటుగానే వచ్చాయి, కంగారు పడకు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ ఒక్కోసారి ఆ ఆలస్యం మేధో వైకల్యానికి, అంటే తెలివితేటలు, రోజువారీ పనులు వయసుకు తగ్గట్టు ఎదగకపోవడానికి, గుర్తు కావచ్చు. పెద్దల మాట మీద భరోసాతో ఏళ్ళు గడిపేస్తే, శిక్షణ బాగా పనిచేసే వయసు చేజారుతుంది. ఎదురుచూడకండి, చూపించండి.

1. వయసుతో పోల్చండి
ఎక్కువమంది పిల్లలు 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చుంటారు. 18 నెలలకు సొంతంగా నడుస్తారు. రెండేళ్ళకు "అమ్మా రా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలుపుతారు. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులోనూ ఇలాంటి వివరాలుంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే రెండేళ్ళు వచ్చేవరకూ కాన్పు కావాల్సిన తేదీ నుంచి వయసు లెక్కేయాలి. నడక, మాట, ఆట అన్నీ వెనకబడితే మరింత శ్రద్ధ పెట్టాలి.

2. రోజువారీ పనులు గమనించండి
అసలు సంగతి ఇక్కడే తెలుస్తుంది. మూడేళ్ళ పాపతో, చేత్తో చూపించకుండా, "ఆ గ్లాసు తీసుకెళ్ళి నానమ్మకివ్వు" అనండి. గ్లాసు పట్టుకుని మధ్యలో ఆగి మీ మొహం చూస్తోందా? మర్చిపోయిందా, అర్థం కాలేదా, అసలు వినపడలేదా? ఒక్కసారికే తేల్చేయొద్దు, వేర్వేరు రోజుల్లో చూడండి. తనే తినడం, చెడ్డీ వేసుకోవడం, తోటిపిల్లల ఆటలో కలవడం కూడా గమనించి, తేదీ వేసి రాసుకోండి. ఫోన్‌లో చిన్న వీడియోలు తీస్తే డాక్టర్‌కు బాగా ఉపయోగపడతాయి.

3. మార్కులు చూసి తేల్చేయొద్దు
చదవడం ఒక్కటే కష్టమై, మిగతా పనుల్లో చురుగ్గా ఉంటే అది డిస్లెక్సియా కావచ్చు. దాని దారి వేరు.

4. చెవులు, కళ్ళు, థైరాయిడ్ పరీక్ష చేయించండి
వినపడని బిడ్డకు మాటలు రావు, పిలిస్తే పలకదు. అది తెలివి లోపం కాదు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికి మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే మెదడు ఎదుగుదలను చాలావరకు కాపాడుకోవచ్చు. వచ్చిన మాటలు పోయినా, నేర్చుకున్న పనులు మర్చిపోతున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

5. నిపుణులకు చూపించండి
ముందు పిల్లల డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవాళ్ళ జాతీయ సంస్థలో కూడా పరీక్షలు చేస్తారు. ఐక్యూ (పరీక్షలో తేలే తెలివితేటల కొలత) సుమారు 70 లేదా అంతకంటే తక్కువ ఉండటంతోపాటు, రోజువారీ పనుల్లోనూ వెనకబడితేనే మేధో వైకల్యం అంటారు. ఐదేళ్ళలోపు పిల్లలకు ఐక్యూ అంత నమ్మకంగా తేలదు కాబట్టి "ఎదుగుదలలో ఆలస్యం" అని రాస్తుంటారు. తెలివి పెంచుతామనే టానిక్కులకు డబ్బు పోయకండి. సమస్య పేరు తేలేదాకా ఆగకుండా స్పీచ్ థెరపీ, ఆటలతో శిక్షణ ఎప్పటి నుంచి మొదలుపెట్టొచ్చో ఆ రోజే అడగండి.