ఆవగింజంత శిలాజ పన్నును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఎలా చూడాలి?

వికారాబాద్ జిల్లా నస్కల్ దగ్గర దక్కన్ లావా పొరల నడుమ ఉన్న మట్టిలో దొరికిన పళ్లను బట్టే 1988లో దక్కనోలెస్టిస్ అనే జంతువు సంగతి లోకానికి తెలిసింది. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు క్షీరదం మన దేశంలో బయటపడటం అదే మొదలు. పన్ను ఆవగింజంత. దాని మీది గట్లు, గుంటలు, అరిగిన గీతలు చూడాలంటే వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్ల కిరణంతో బొమ్మ తీసే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి.

ముందు మట్టి పని. ముద్దలను బాగా ఎండబెట్టి కొన్ని గంటలు కిరోసిన్‌లో నానబెట్టండి. కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తే మట్టి దానంతటదే విడిపోతుంది. అర మిల్లీమీటరు జల్లెడలో కడిగి, మిగిలింది ఆరబెట్టి, మామూలు మైక్రోస్కోప్ కింద తడి కుంచె మొనతో పళ్లను ఏరండి. ఓపిక అంతా ఇక్కడే కావాలి. బస్తా మట్టి కడిగినా ఒక్క పన్నూ దొరకని రోజులుంటాయి.

దొరికిన పన్నును మెత్తని కుంచెతో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి. మైక్రోస్కోప్‌లో నమూనా పెట్టే అరలోంచి గాలి తీసేస్తారు కాబట్టి తేమ ఉండకూడదు. ఇకపై చేతికి గ్లవ్స్ తప్పనిసరి, వేలి జిడ్డు కూడా ఫొటోలో కనిపిస్తుంది. నమిలే వైపు పైకి ఉండేలా అల్యూమినియం బిళ్ల మీద నిలపండి. కార్బన్ టేపు గట్టిగా పట్టేస్తుంది, ఊడదీసేటప్పుడు పన్ను విరగొచ్చు. అందుకే నీటిలో కరిగే జిగురు మంచిదని నా అభిప్రాయం.

ఫొటోకు ముందు పన్నుకు మామూలుగా వేసే బంగారు పూత దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పూత లేకపోతే పన్ను మీద ఎలక్ట్రాన్లు పేరుకుపోయి బొమ్మ తెల్లగా మెరిసి చెడిపోతుంది, నిజమే. 10 నుంచి 20 నానోమీటర్ల పూత ఆ సమస్య తీరుస్తుంది. కానీ ఆ బంగారాన్ని మళ్లీ తీయడం చాలా కష్టం. పన్నులో ప్రధానంగా ఉండేది కాల్షియం ఫాస్ఫేట్. మూలకాలను లెక్కించే ఎక్స్-రే పరీక్షలో ఒక్కో మూలకానికి గ్రాఫ్‌లో ఒక్కో గీత వస్తుంది, బంగారం గీత ఫాస్ఫరస్ గీత మీదే వచ్చి పడుతుంది. ఆ పరీక్ష చేయాలనుకుంటే కార్బన్ పూత వేయించండి. ఒక జాతికి మూల నమూనా అయిన పన్నుకైతే, అంటే ఆ జాతికి పేరు పెట్టడానికి ఆధారమైనదానికైతే, ఏ పూతా వద్దు, లోపల కొంచెం గాలి ఉన్నా పనిచేసే యంత్రం వెతకండి.

పూత వేసిన పన్నుకు ఎలక్ట్రాన్లను తోసే వోల్టేజీ 10 నుంచి 15 కిలోవోల్టులు సరిపోతుంది. మొదట 30 రెట్లలో పన్నంతా తీసి, తర్వాతే అరుగుదల గీతల దగ్గరకు వెళ్లండి. పన్ను ఉపరితలం నుంచి ఊడి వచ్చే సెకండరీ ఎలక్ట్రాన్లతో పై రూపం, తగిలి వెనక్కి మళ్లే బ్యాక్‌స్కాటర్ ఎలక్ట్రాన్లతో పదార్థంలో తేడాలు తెలుస్తాయి. నమూనాను 6 డిగ్రీలు వంచి రెండో ఫొటో తీసి, రెండింటినీ ఒక్కో కంటితో ఒకటి చొప్పున కలిపి చూస్తే గట్ల ఎత్తు కళ్లకు కడుతుంది.

ప్రతి ఫొటో మీద కొలత గీత, నమూనా నంబరు ఉండాలి. పన్నును జిగురు కరిగించి బయటికి తీసి, అదే నంబరున్న డబ్బీలో పెట్టాకే రెండోదాన్ని ముట్టుకోండి.