డిస్‌ప్లే అతికించే ముందు ఈ పని చేయండి

ఆన్‌లైన్‌లో కొన్న ఫోన్ డిస్‌ప్లే పనిచేయలేదంటే అమ్మినవాళ్ల నుంచి వచ్చే మొదటి మాట "బిగించేటప్పుడు మీరే పాడుచేశారు" అని. పోయినసారి చూపించడానికి నా దగ్గర ఏమీ లేక డబ్బు పోయింది. ఇప్పుడు ఇలా చేస్తున్నా.

పార్శిల్ మీది లేబుల్‌తో మొదలుపెట్టి, విప్పడం నుంచి పరీక్ష దాకా మధ్యలో ఆపకుండా ఒకటే వీడియో. నాలుగు అంచులూ, వెనక ఫ్లెక్స్ కేబుల్ (డిస్‌ప్లేను ఫోన్‌కు కలిపే పలచటి పట్టీ) మీది నంబరూ దగ్గరగా చూపించండి. ఫోన్ ఆఫ్ చేసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, డిస్‌ప్లే కనెక్టర్ పెట్టి, మళ్లీ బ్యాటరీ కలపండి. పైనున్న ప్లాస్టిక్ పొర తీయొద్దు, జిగురు జోలికి అసలు పోవద్దు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి తెల్లటి బొమ్మ ఒకటి తెరవండి, మచ్చలూ గీతలూ ఇట్టే బయటపడతాయి. తర్వాత ఏదో ఒక యాప్ గుర్తును నొక్కిపట్టి మూలలతో సహా తెరంతా నెమ్మదిగా తిప్పండి. వేలి నుంచి ఎక్కడ జారిపోతే అక్కడ టచ్ లేనట్టే. 10 నిమిషాలు వెలిగించి ఉంచాకే అతికించండి. తేడా ఉంటే ఫోన్‌లో మాట్లాడి వదిలేయకుండా ఆర్డర్ పేజీలోనే రాసి వీడియో జతచేయండి.

ఒక్క జాగ్రత్త: బిగించేటప్పుడు ఫ్లెక్స్ కేబుల్ మడత పడితే ఎంత మంచి వీడియో ఉన్నా వారంటీ రాదు.