పాత పేపర్లు, శుభలేఖలతో కొలాజ్ ఎలా చేయాలి?

కొలాజ్ అంటే కాగితం ముక్కలు అంటించి చేసే బొమ్మ. ఆ మాట అనగానే చాలామంది షాపుకెళ్లి క్రాఫ్ట్ పేపర్ల ప్యాకెట్టు కొనుక్కొస్తారు. అదేమీ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత పేపర్ల కట్ట, పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చిపడ్డ శుభలేఖలు, పోయినేడాది క్యాలెండర్, మిఠాయి డబ్బా చాలు. 1912లో ఫ్రాన్స్‌లో చిత్రకారులు బ్రాక్, పికాసో మొదలుపెట్టింది కూడా గోడలకు అంటించే కాగితంతో, న్యూస్‌పేపర్ ముక్కలతోనే.

మొదటి బొమ్మకి మనిషి ముఖం ఎంచుకోకండి. సాయంత్రం ఆకాశం, పొలం గట్టు మీద రెండు మూడు తాటిచెట్లు, ముందు నీళ్లు పెట్టిన మడి. ఆకారాలు తక్కువ, పెద్దవి. A4 సైజు సరిపోతుంది. అట్టకి కొత్త చొక్కాలో వచ్చేదో, క్యాలెండర్ వెనకదో తీసుకోండి.

ఇప్పుడు కాగితాలు వేరుచేయాలి. అసలు పనంతా ఇక్కడే ఉంది, దీనికి ఎంత టైమ్ పట్టినా పట్టనివ్వండి. ఎరుపు ఒకచోట, నీలం ఒకచోట అని రంగులవారీగా కాకుండా లేతవి, మధ్యస్థంగా ఉన్నవి, ముదురువి అని మూడు కుప్పలు పెట్టండి. తెలుగు పేపర్లో అక్షరాలు కూడా రంగుగా పనికొస్తాయి. క్లాసిఫైడ్స్ పేజీ కాస్త దూరం నుంచి చూస్తే బూడిద రంగులో కనిపిస్తుంది, ఖాళీ ఎక్కువున్న ప్రకటన లేతగా ఉంటుంది, పెద్ద హెడ్డింగులు నల్లటి మచ్చల్లా ఉంటాయి. అంటించేటప్పుడు అక్షరాలు తలకిందులుగా పెట్టండి, లేకపోతే చూసేవాళ్లు బొమ్మ వదిలేసి వార్త చదవడం మొదలుపెడతారు. శుభలేఖల మీది బంగారు రంగు ఆకాశంలో అస్తమించే వెలుగుకి చాలా బాగుంటుంది, కానీ దేవుడి బొమ్మలు ముందే తీసి పక్కన పెట్టేయండి, కత్తిరిస్తే ఇంట్లో పెద్దవాళ్లు బాధపడతారు. షాపు బిల్లులు మాత్రం వద్దు, ఆ థర్మల్ కాగితం కొన్నాళ్లకి వెలిసిపోతుంది, వేడి తగిలితే నల్లబడుతుంది.

వీలైనంతవరకు కత్తెర కంటే చేత్తోనే చింపండి. న్యూస్‌పేపర్ ఒక దిక్కుగా చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా వస్తుంది. తిన్నగా వచ్చేది గట్టుకి, వంకరది మబ్బులకి. మ్యాగజైన్ కాగితం చింపితే ఒక ముక్క అంచున తెల్లటి గీత పడుతుంది, మడిలో నీటి మెరుపుకి ఆ ముక్కే వాడండి. తాటాకులకి మాత్రం కత్తెర తప్పదు. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ చూపు పూర్తిగా పోయిన తర్వాత కూడా కాగితాలు కత్తిరించి అంటించి బొమ్మలు చేశారు. అందుకే నా మాట, ముందు పెన్సిల్‌తో గీసుకుని దాన్ని కాగితంతో నింపొద్దు, ఆకారాన్ని చేతిలోనే రానివ్వండి.

జిగురు లేకుండా ముక్కలన్నీ అట్ట మీద పేర్చి, ఫ్యాన్ ఆపేసి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. చెట్లు ఆకాశంలో కలిసిపోయి కనిపిస్తే ముదురు కుప్పలోంచి వేరే ముక్కలు తీసి మార్చండి. ఆ ఫోటో ఉంచుకోండి, అంటించేటప్పుడు చూసుకోవడానికి.

జిగురుకి రెండు చెంచాల మైదా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఇంకో కప్పు నీళ్లు పోసి, సన్నటి మంట మీద చిక్కబడి కాస్త పారదర్శకంగా అయ్యేదాకా తిప్పుతూ ఉండాలి. పిల్లల స్కూల్ పనికి ఇది బాగుంటుంది. గోడకి తగిలించేదైతే ఫెవికాల్ మంచిది, ఎందుకంటే మైదాకి బొద్దింకలు వస్తాయి. ఫెవికాల్ రెండు వంతులకి నీళ్లు ఒక వంతు. అడుగు పొరలో ఉండేవి ముందు అంటించాలి, అంటే మొదట ఆకాశం, తర్వాత మడి, గట్టు, చివర చెట్లు. జిగురు పల్చగా రాసి, పాత ఏటీఎం కార్డుతో మధ్యలోంచి అంచులకి నొక్కుతూ పోతే బుడగలు రావు.

అట్ట వంగిపోతుందని టెన్షన్ పడేవాళ్లు వెనకవైపు కూడా ఒక న్యూస్‌పేపర్ పూర్తిగా అంటించండి, రెండు వైపులా లాగుడు సమానమవుతుంది. మీద ప్లాస్టిక్ కవర్ పరిచి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి.

న్యూస్‌పేపర్ కాలక్రమేణా పసుపెక్కుతుంది, దాన్ని ఆపలేం. ఎండ తగలని గోడకి పెడితే నెమ్మదిస్తుంది. బొమ్మలో తెల్లగానే ఉండాల్సిన చోట్లు ఉంటే అక్కడ న్యూస్‌పేపర్ బదులు నోట్‌బుక్ కాగితం వాడండి.