పాత పికప్‌కి బల్బు మార్చేముందు రిలే పెట్టండి

నల్గొండ నుంచి బత్తాయి లోడుతో రాత్రిపూట బాటసింగారం మార్కెట్‌కి పోయే పాత బొలెరో పికప్‌లలో హెడ్‌లైట్ ఎర్రగా మందంగా వెలుగుతుంటే, వెంటనే 100 వాట్ల బల్బు కొనకండి. దాంతో హోల్డర్ కరుగుతుంది, స్విచ్ కాలుతుంది. చాలాసార్లు లోపం బల్బులో కాదు, కరెంటు అందకపోవడంలో ఉంటుంది.

ఇంజన్ నడుస్తుండగా, లైట్ వేసి మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, బల్బు హోల్డర్ దగ్గర వోల్టులు చూడండి. ఒక వోల్టు పైన తేడా ఉంటే దారిలోనే కరెంటు పోతున్నట్టు. వోల్టేజీ పదో వంతు తగ్గినా వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది.

అప్పుడు రిలే పెట్టాలి. లైట్ స్విచ్ నుంచి వచ్చే కొద్ది కరెంటుతో పనిచేసి, బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకి పంపే చిన్న స్విచ్ అది. కావాల్సినవి: 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలేలు రెండు (డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి), 15 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సిరామిక్ హోల్డర్లు. రిలే 30వ పిన్నుకి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా తీగ, 87 నుంచి బల్బుకి. పాత హెడ్‌లైట్ వైరు 86కి, 85 బాడీకి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, లేకుంటే తీగ ఎక్కడ ఒరుసుకున్నా మంటే.

అసలు పని ఎర్త్‌ది, అంటే బాడీకి బిగించే తీగది. ఆ తీగ బిగించే బోల్టు కింద పెయింట్ గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయండి. మన ఎర్రదుమ్ము, వాన కలిస్తే అక్కడే తుప్పు మొదలయ్యేది. రిలేల పిన్నులు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు నిలవవు.