పసిపాపకు లయను అందించడం ఎలా? పాప దాన్ని అందుకుంటున్నదని గమనించడం ఎలా?

పుట్టి రెండు మూడు రోజులైన శిశువులకు నిద్రలో డ్రమ్ వాయిద్యం వినిపించి, తలకు అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడు స్పందనలను నమోదు చేసిన పరిశోధకుడు ఇష్త్వాన్ వింక్లర్ బృందం, ఆవర్తం (మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే దెబ్బల వరుస) మొదట్లో పడవలసిన ప్రధానమైన దెబ్బ పడనప్పుడు ఆ స్పందన మారుతున్నదని 2009లో ప్రకటించింది. తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ఆ మెదడు ముందే ఎదురుచూస్తున్నదన్నమాట. కనుక పాపకు లయను కొత్తగా నేర్పవలసిన పని లేదు. ఉన్న గ్రహణశక్తికి తగినన్ని లయలను, చెవికే కాక శరీరానికి కూడా అందేలా సమకూర్చితే చాలు.

మొదటి దశ: ముందుగా మీ వినికిడిని పరిశీలించుకోండి

ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్‌ను (సమాన వ్యవధిలో దెబ్బలు వినిపించేది) నిమిషానికి 100 దెబ్బల వేగంలో, ఏ దెబ్బకూ అదనపు బలం లేకుండా పెట్టి, కాసేపు వినండి. శబ్దాలన్నీ ఒకేలా ఉన్నా, చాలామందికి కొద్దిసేపటికే అవి రెండేసిగానో నాలుగేసిగానో విడిపోయినట్టు వినిపిస్తాయి. ఇప్పుడు మనసులో మూడేసి లెక్కపెడుతూ ప్రతి మొదటి దెబ్బకు తల ఊపండి. అదే శబ్దం తిశ్ర నడకలోకి, అంటే మూడేసి దెబ్బల లయలోకి మారిపోతుంది. శబ్దం మారలేదు, వినే తీరు మారింది. ఈ అనుభవం కలిగితే తప్ప తరువాతి దశలలో పాపను ఎందుకు ఊపమంటున్నానో పూర్తిగా అర్థం కాదు కాబట్టి దీన్ని దాటవేయవద్దు.

శబ్దాలను గుంపులుగా వినడంలో మాతృభాష పాత్ర కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. పొడవైన, పొట్టి స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే ఇంగ్లీషు మాట్లాడేవారు వాటిని ఎక్కువగా పొట్టి–పొడవు జంటలుగా విన్నారనీ, జపనీస్ మాట్లాడేవారిలో చాలామంది పొడవు–పొట్టి జంటలుగా విన్నారనీ 2008 నాటి ఒక అధ్యయనం చూపింది.

రెండవ దశ: సమయం చూసుకోండి

పాప మేలుకుని, ఆకలి లేకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. టీవీ, ఇతర శబ్దాలు ఆపేసి, సంగీతాన్ని మామూలు మాట కంటే పెద్దగా లేకుండా చూడండి.

మూడవ దశ: దెబ్బకు అనుగుణంగా పాపను ఊపండి

అన్నింటికంటే ముఖ్యమైన దశ ఇదేనని నా అభిప్రాయం. కెనడాలో పరిశోధన చేసిన జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, లారెల్ ట్రెయినర్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, ఏ దెబ్బకూ ప్రత్యేక బలం లేని లయను ఏడు నెలల శిశువులకు రెండు నిమిషాలపాటు వినిపిస్తూ, కొందరిని ప్రతి రెండవ దెబ్బకూ, మరికొందరిని ప్రతి మూడవ దెబ్బకూ పైకీ కిందికీ ఊపారు. ఆ తర్వాత అదే లయను రెండు రకాల బలాలతో వినిపిస్తే, తమను ఊపిన లెక్కకు సరిపోయేదాన్నే శిశువులు ఎక్కువసేపు విన్నారు. కళ్లకు గంతలు కట్టినా ఫలితం మారలేదు. తాము కదలకుండా, ఎదుట ఎవరో ఊగుతుంటే చూసినంత మాత్రాన ఆ ఫలితం రాలేదు.

ఇంట్లో చేయడానికి, మెడ నిలిచిన పాపను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, మీ మోకాళ్లను కొద్దిగా వంచుతూ ప్రతి రెండవ దెబ్బకు కిందికి దిగండి. మరో రోజు అదే శబ్దానికి ప్రతి మూడవ దెబ్బకు దిగండి. కదలిక మీ శరీరం నుంచే పాపకు చేరాలి. పాపను కుదపడం, గాలిలోకి ఎగరేయడం ప్రమాదకరం, ఎన్నడూ చేయకూడదు. మెడ ఇంకా నిలవకపోతే తలకు ఆధారమిచ్చి ఒడిలో పడుకోబెట్టుకుని, అదే లెక్కలో వీపుపైనో తొడపైనో మెల్లగా తట్టితే సరిపోతుంది.

నాలుగవ దశ: మొదటి ఏడాది నిండేలోగా రకరకాల నడకలు వినిపించండి

ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ 2005లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఉత్తర అమెరికాలో పుట్టిన ఆరు నెలల శిశువులు తాము ఎరుగని బాల్కన్ ప్రాంతపు సంగీతంలో, అంటే దెబ్బలు 2+2+3 వంటి అసమాన భాగాలుగా సాగే లయలలో, నడక చెడితే గుర్తించగలిగారు. పన్నెండు నెలల పిల్లలలో ఆ సామర్థ్యం కనిపించలేదు. అయితే ఇంట్లో రెండు వారాలపాటు అలాంటి సంగీతం వినిపిస్తే ఆ పిల్లలు తిరిగి గుర్తించారు. పెద్దవారికి అంతే వినికిడి చాలలేదు. అందువల్ల పిల్లల కోసమని ప్రత్యేకంగా తయారైన పాటలకే పరిమితం కాకుండా, ఐదు, ఏడు దెబ్బల ఆవర్తాలున్న సంగీతాన్ని కూడా తరచుగా వినిపించండి.

ఐదవ దశ: మాటలోని లయను చెడగొట్టకుండా మాట్లాడండి

గోడ అవతలి సంభాషణలో పదాలు తెలియకపోయినా హెచ్చుతగ్గులూ, లయా మనకు తెలుస్తాయి; గర్భంలోని శిశువుకు చేరే మాట కూడా చాలావరకు ఇలాంటిదే. పదాలు పోల్చుకోలేనంతగా వడపోసిన ధ్వనులలో ఇంగ్లీషునూ జపనీస్‌నూ వేరుగా గుర్తించిన ఫ్రాన్స్ నవజాత శిశువులు, లయ దాదాపు ఒకేలా ఉండే ఇంగ్లీషు, డచ్‌లను వేరు చేయలేకపోయారని 1998లో తియెరి నాజీ, ఆయన సహచరులు చూపారు. ఎడతెగకుండా సాగే మాటల ప్రవాహంలో ఒక పదం ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడానికి ఈ లయజ్ఞానం పిల్లలకు తోడ్పడుతుంది. ఇంగ్లీషు వినే తొమ్మిది నెలల శిశువులు ఆ భాషలో ఎక్కువగా కనిపించే తీరులో, అంటే మొదటి అక్షరంపై బలమున్న పదాలను ఎక్కువసేపు వింటారు. ఆరు నెలలప్పుడు ఆ మొగ్గు ఉండదు.

కాబట్టి ఎదురుగా ముఖం చూపిస్తూ, పూర్తి వాక్యాలను సహజమైన సాగదీతతో పలికి, వాక్యం చివర కాస్త ఆగండి. స్పష్టత కోసం పదాలను అక్షరాలుగా తుంచి పలికితే లయ విరిగిపోతుంది. ఇంట్లో రెండు భాషలుంటే ఎవరి భాషను వారు తమ సహజమైన నడకలోనే మాట్లాడాలి. రోజూ చెప్పే ఒక వాక్యాన్ని అప్పుడప్పుడు రాగంతో పాడటం కూడా మంచిదే.

ఆరవ దశ: స్పందనను సరైన చోట వెతకండి

పాప తాళం వేస్తుందని ఎదురుచూడకండి. ఐదు నుంచి ఇరవై నాలుగు నెలల పిల్లలు మాట కంటే సంగీతానికే ఎక్కువగా లయబద్ధంగా కదులుతారనీ, వేగం పెరిగితే కదలిక వేగమూ పెరుగుతుందనీ 2010 నాటి పరిశోధనలో తేలింది. కానీ దెబ్బకు కచ్చితంగా కలిసిపోవడం ఆ వయసులో ఉండదు. చేతులు పట్టుకుని చప్పట్లు సరిచేయడం వల్ల ప్రయోజనం లేదు. చూపు నిలవడం, కదులుతున్న కాళ్లు ఆగడం, నడక మారగానే ముఖం ధ్వని వైపు తిరగడం గమనించండి. తల పక్కకు తిప్పుకుంటే ఆ పూటకు ఆపేయండి. పెద్ద శబ్దాలకు కూడా ఉలికిపడకపోతే, పిలుపుకు ఎన్నడూ స్పందించకపోతే, లయ సంగతి పక్కనపెట్టి ఆలస్యం చేయకుండా వైద్యుల చేత వినికిడి పరీక్ష చేయించండి.