సానపట్టి పంపిన చెయిన్‌సా మరునాడే తిరిగి వస్తే

చెయిన్‌సా మరమ్మతు అంగడికి వచ్చే పనిలో ఎక్కువ భాగం సానపట్టడమే. హైదరాబాద్‌లో మే నెల గాలివానలకు గుల్‌మొహర్, పచ్చతురాయి కొమ్మలు రోడ్ల మీద విరిగిపడడం మొదలైన దగ్గరి నుంచి వర్షాకాలం ముగిసేదాకా చెట్ల కొమ్మలు కొట్టే గుత్తేదారులు, శివార్లలోని ఫామ్‌హౌస్‌ల పనివారు, భోయిగూడ టింబర్ డిపోల వారు చెయిన్‌లు పట్టుకుని వస్తూనే ఉంటారు. కొత్తగా అంగడి తెరిచినవారికి ఈ నెలల్లోనే నాలుగు డబ్బులు కనిపిస్తాయి, పేరు పోయేదీ ఈ నెలల్లోనే. సానపట్టి పంపిన యంత్రం మరునాడు తిరిగి వచ్చిందంటే ఆ కబురు గుత్తేదారుల మధ్య సాయంత్రానికే పాకుతుంది. ఆకురాయి పట్టడం, చెయిన్ బిగించడం, కార్బొరేటర్ విప్పి కడగడం మీకు వచ్చుననుకుని, తిరిగి వచ్చిన యంత్రాన్ని ఏ వరుసలో పరీక్షించాలో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: పదును ఉంది, కానీ చెక్కలోకి అసలు దిగడం లేదు

ముందు చెయిన్ తిరగేసి ఎక్కించారేమో చూడండి. బార్ (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పలక) పైభాగాన పళ్ళ పదునైన అంచులు ముక్కువైపు, అంటే పనివాడికి దూరంగా ఉన్న దిక్కుకు చూడాలి. ఇది చెప్పవలసిన మాటేనా అనిపించవచ్చు గాని, ఇన్నేళ్ళ తరువాత కూడా ప్రతి వానాకాలంలో కనీసం నాలుగైదు యంత్రాలు ఇలాగే వస్తున్నాయి, తెచ్చినవారిలో పదేళ్ళుగా చెట్లు కొడుతున్నవారూ ఉన్నారు. అంతకన్నా విచారకరమైన సంగతి, వాటిని తీసుకున్న మరమ్మతుదారు చెయిన్‌ను వైస్‌కు బిగించి మళ్ళీ సానపట్టి, తిరగబడిన చెయిన్‌ను ఎలా వచ్చిందో అలాగే ఎక్కించి పంపడం. యంత్రం చేతికి రాగానే విప్పకముందే ఒకసారి పళ్ళ దిక్కు చూడడానికి రెండు క్షణాలు పట్టదు.

లక్షణం: రజను పిండిలా రాలుతోంది, బలంగా నొక్కితేనే కోస్తోంది

మంచి పదును ఉన్న చెయిన్ నుంచి చిన్న చిన్న పేలికలు రాలతాయి. మైదా లాంటి పొడి రాలుతున్నదంటే పన్ను మొద్దుబారిందని అర్థం. సానపట్టిన మరునాడే ఇలా అయితే కొమ్మలోని మేకు చెయిన్‌కు తగిలి ఉంటుంది. ఈ నగరంలో ట్యూషన్ బోర్డులు, అద్దె ఇళ్ళ ప్రకటనలు, ఫ్లెక్సీలు మేకులతో కొట్టని చెట్టు వీధిలో దొరకడం కష్టం. బోర్డు ఎప్పుడో ఊడిపోతుంది, మేకు మాత్రం బెరడు కిందికి పోయి కూర్చుంటుంది. మేకు తగిలిన పళ్ళ మూల చిట్లి మెరుస్తూ కనిపిస్తుంది. చిట్లిన భాగం పూర్తిగా పోయేదాకా వెనక్కి అరగదీసి, మిగిలిన పళ్ళను కూడా అదే పొడవుకు తేవలసిందే.

పళ్ళకు పదును నిజంగానే ఉండి పొడి రాలుతుంటే డెప్త్ గేజ్‌ను చూడాలి. పన్నుకు ముందుండే ఆ చిన్న మూపు, పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయిస్తుంది. పన్ను వెనక్కి అరిగేకొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది గాని మూపు ఎత్తు తగ్గదు, కనుక నాలుగైదు సానల తరువాత రెండింటి ఎత్తుకూ మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. సాధారణ చెయిన్‌లకు మూపు పన్ను అంచు కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. గేజ్ పలకను పెట్టి, పైకి పొడుచుకు వచ్చినంత మేర బల్లపరుపు ఆకురాయితో తీసి, ముందు అంచును గుండ్రం చేస్తే సరిపోతుంది. కంటి అంచనాతో ఎక్కువ తీసినవారి యంత్రం చెక్కను కొరకగానే చేతుల్లో ఎగిరి పడుతుంది, అది పదును లేకపోవడం కన్నా ప్రమాదం.

లక్షణం: కోత తిన్నగా మొదలై పక్కకు తిరుగుతోంది

నన్ను నిలువునా ముంచినది ఇదే, అందువల్ల కాస్త వివరంగా రాస్తాను.

అంగడి పెట్టిన రెండో ఏడు ఒక గుత్తేదారు 58 సీసీ యంత్రం తెచ్చాడు, దానికి 22 అంగుళాల బార్ ఉంది. వేప మొద్దు కోస్తుంటే నాలుగు వేళ్ళ లోతుదాకా తిన్నగా దిగి, అక్కడి నుంచి ఎడమకు తిరిగి బార్ ఇరుక్కుపోతున్నదని చెప్పాడు. పుస్తకంలో ఉన్న సమాధానం నాకు తెలుసు: కుడి పళ్ళు, ఎడమ పళ్ళు సమానంగా లేనప్పుడు పదును, పొడవు ఎక్కువ ఉన్న వైపుకు కోత లాగుతుంది. 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా లెక్కపెట్టి ఒకే ఎత్తుకు, 30 డిగ్రీల కోణానికి తెచ్చి ఇచ్చాను. రెండు రోజులకు మళ్ళీ వచ్చి, "అన్నా, మొన్ననే సాన పట్టిస్తి గదా, మళ్ల పక్కకు గుంజుతుంది" అన్నాడు. డబ్బు తీసుకోకుండా మళ్ళీ సానపట్టాను. మూడోసారి మాట్లాడకుండా మొద్దు నుంచి కోసిన బిళ్ళ ఒకటి నా బల్ల మీద పెట్టాడు. వేలితో నొక్కితే అది అటూ ఇటూ ఊగింది, కింది ముఖం పళ్ళెం అడుగులా ఉబ్బి ఉంది. నేను అప్పుడు కూడా బార్ వైపు చూడక, కొత్త చెయిన్ ఎక్కించి పంపాను. ఒక రోజంతా చక్కగా కోసింది, మరునాడు మళ్ళీ వంకర.

ఈ కారణం మోసం చేసే తీరు ఇదే. కొత్త పళ్ళు చెక్కను తేలికగా కొరుకుతాయి కనుక బార్‌లో ఉన్న అరుగుదల పైకి తెలియదు. పదును కొంచెం తగ్గి పనివాడు నొక్కడం మొదలుపెట్టగానే చెయిన్ వదులుగా ఉన్న వైపుకు ఒరుగుతుంది. అతడికి అది సాన లోపంలాగే తోస్తుంది, మనకూ అలాగే తోస్తుంది, ఎందుకంటే సానపట్టిన ప్రతిసారీ కొద్దిసేపు నయమవుతుంది.

చెయిన్ నడిచే గాడికి రెండు వైపులా ఉండే గోడలు సమానంగా అరగవు. ఒకవైపు పళ్ళు మొద్దుబారితే చెయిన్ రెండో వైపుకు లాగి ఆ గోడను ఎక్కువగా తింటుంది, ఆ గోడ కిందికి దిగాక పళ్ళు సరిచేసినా చెయిన్ ఒరిగే నడుస్తుంది, ఒరిగి నడిచే చెయిన్ పళ్ళు మళ్ళీ ఒకవైపే మొద్దుబారతాయి. కొన్నిసార్లు గోడల ఎత్తు సమానంగానే ఉండి గాడి వెడల్పయి ఉంటుంది, అప్పుడు చెయిన్ ఏ వైపు బరువు పడితే ఆ వైపుకు వాలుతుంది. చెయిన్ ఒక్కదాన్ని సరిచేసి పంపితే ఈ చక్రం తెగదు.

పరీక్ష తేలిక. బార్‌ను తలకిందులుగా తిప్పి బిగించి, పనికిరాని దుంగను ఒకసారి కోయించండి. వంకర అదే వైపుకు ఉంటే దోషం పళ్ళలో ఉంది. వంకర తగ్గినా, రెండో వైపుకు మారినా బార్‌లో ఉంది. దుంగ దొరకని చోట ఉక్కు స్కేలును బార్ పక్కకు, ఒక పన్ను పక్కకు కలిపి ఆనించండి. పన్ను బార్ కన్నా బయటికి ఉంటుంది కనుక స్కేలుకూ బార్‌కూ మధ్య వెలుతురు కనిపించాలి. చెయిన్ ఒరిగి వెలుతురు మూసుకుపోతే గాడి అరిగిందని తేలిపోయినట్లే. తరువాత చెయిన్ తీసేసి, వడ్రంగి మూలమట్టాన్ని బార్ పక్కకు ఆనించి గోడల మీద పెడితే ఏ గోడ ఎంత కిందికి దిగిందో కళ్ళకు కనిపిస్తుంది. ఆ గుత్తేదారు బార్‌కు నేను ఈ పని మొదటి రోజే చేసి ఉంటే ఒక చెయిన్, రెండు సానల కూలి మిగిలేవి. గోడ అంచు మీద వేలు పెట్టగానే పదునైన ఇనుప చివురు తగిలి చర్మం గీసుకుంది. ఆ చివురే ఎన్నో రోజుల ముందు నుంచి చెబుతున్న సాక్ష్యం.

ముందు ఆ చివురును బల్లపరుపు ఆకురాయితో తీసేయండి. తరువాత బార్‌ను వైస్‌లో నిలువుగా బిగించి, ఆకురాయి అడ్డంగా అటూ ఇటూ ఒరగకుండా చెక్కదిమ్మ ఆసరా పెట్టుకుని, ఎత్తుగా ఉన్న గోడను తక్కువ గోడ మట్టానికి తెండి. రెండు అంచులనూ ఇలాగే చూడాలి, ఒక అంచు మాత్రమే చేసి వదిలితే బార్ తిప్పిన రోజు యంత్రం మళ్ళీ మీ గుమ్మంలో ఉంటుంది. ఇంత తీశాక గాడిలో లోతు మిగిలిందా అన్నది అసలు ప్రశ్న. డ్రైవ్ లింకుల (చెయిన్‌లో గాడి లోపలికి దిగి నడిచే ముక్కల) మొనలు గాడి అడుగుకు తగులుతుంటే ఆ బార్ ఆయుష్షు తీరినట్లే. గాడి వెడల్పయితే, లింకు మందమున్న ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట) రేకును లోపల పెట్టి గోడలను సుత్తితో మెల్లగా దగ్గరికి కొట్టడం ఒక పద్ధతి. అది పనిచేస్తుంది గాని ఎక్కువ కాలం నిలవదు. ఆ సంగతి తీసుకెళ్ళేవాడికి ముందే చెప్పి చేయండి.

ఇదే లక్షణం కొత్త చెయిన్, కొత్త బార్ ఉన్న యంత్రానికి వస్తే మందం తేడాను అనుమానించండి. మన దగ్గర చెయిన్‌ను అంగుళాలతో అడుగుతారు. రాణిగంజ్‌లో కౌంటర్ ముందు నిలబడి "22 అంగుళాల చెయిన్ ఇవ్వండి" అంటే పిచ్ (లింకుల మధ్య దూరం), లింకుల సంఖ్య కలిసినది ఏదో ఒకటి చేతికి వస్తుంది. గాడి మందం గురించి కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. డ్రైవ్ లింకు మందం 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. 1.5 గాడిలో 1.3 చెయిన్ ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కుతుంది, తిరుగుతుంది, బిగుతు కూడా సరిగానే అనిపిస్తుంది, కోసేటప్పుడు మాత్రం తాగినవాడిలా ఊగుతుంది. పెద్ద మందం చిన్న గాడిలో అసలు ఎక్కదు కనుక ఆ పొరపాటు కొట్టులోనే బయటపడుతుంది, ఈ పొరపాటు చెట్టు దగ్గర బయటపడుతుంది. బార్ తోక దగ్గర చెక్కిన అంకెలు చదవండి, చెరిగిపోయి ఉంటే వెర్నియర్ కాలిపర్‌తో లింకును, ఫీలర్ రేకులతో గాడిని కొలవండి. అంగడి పెట్టేవారు గ్రైండింగు యంత్రం కన్నా ముందు ఒక కాలిపర్, ఒక ఫీలర్ గేజ్, ఒక మూలమట్టం కొనుక్కోవాలని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పుడు నా దగ్గర సానకు చెయిన్ ఒక్కటే తీసుకోను, బార్ కూడా తెమ్మంటాను. మొదట్లో కొందరు గొణిగారు. అరిగిన బార్ ఒకటి గోడకు మేకుతో తగిలించి, పక్కనే మూలమట్టం పెట్టాను. గొణిగినవారికి అది చూపిస్తే చాలు. ప్రతి సానకూ గాడిని సన్నని రేకుతో శుభ్రం చేసి, నూనె రంధ్రం పొడిచి, బార్‌ను తిప్పి బిగించి, ఆ మాట చీటీ మీద రాసి ఇస్తున్నాను.

లక్షణం: బార్ వేడెక్కి నీలం రంగు తిరుగుతోంది

నూనె అందడం లేదు. యంత్రాన్ని వేగంగా నడుపుతూ బార్ ముక్కును అట్టముక్క మీదుగా పట్టుకుంటే సన్నని నూనె గీత పడాలి. పడకపోతే రంధ్రంలో రజను గట్టిపడి ఉంటుంది, ఎప్పుడో ఒకసారి పంపు పాడవుతుంది. చాలామంది పొదుపుకోసం బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోస్తారు. అందులోని ఇనుప రజను గాడిని అరగదీస్తుంది. గాడి అరిగితే ఏమవుతుందో పైన చదివిన తరువాత వేరే చెప్పనక్కరలేదు.

లక్షణం: ఇంజిన్ సరిగా నడవడం లేదు

పెట్రోలు ఎన్నాళ్ళది అని ముందు అడగండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది గాలిలోని తేమను పీలుస్తుంది, వానాకాలంలో డబ్బాలో నెలల తరబడి ఉంచిన మిశ్రమం యంత్రానికి పనికిరాదు, కార్బొరేటర్ డయాఫ్రమ్‌ను కూడా పాడుచేస్తుంది. పెట్రోలులో కలిపే 2టీ ఆయిల్ కొలత యంత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి: 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మూత నిండా పోశాను అనేది కొలత కాదు.

పది నిమిషాలు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత విప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయి మళ్ళీ స్టార్ట్ అయితే, గాలి రంధ్రం మూసుకుంది. ట్రిగ్గర్ వదిలేసినప్పటి నిలకడ వేగంలో (ఐడిల్) చెయిన్ తిరుగుతుంటే ఐడిల్ మర తగ్గించండి, తగ్గకపోతే క్లచ్ స్ప్రింగు తెగి ఉంటుంది. పిస్టన్ గీతలు, విరిగిన రీకాయిల్ స్ప్రింగు, కాయిల్ పోవడం వంటివి నా దగ్గరికి అరుదుగా వస్తాయి. నిలకడ వేగం దానంతట అదే పెరుగుతూ పోయి, మర తిప్పినా దిగకపోతే మాత్రం క్రాంక్ సీలు (ఇంజిన్ ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఉండే రబ్బరు వలయం) గాలి పీలుస్తున్నదని అనుమానించి వెంటనే ఆపండి, సీలు మార్చేదాకా ఆ యంత్రాన్ని ఎవరు అడిగినా స్టార్ట్ చేసి చూపించవద్దు.