ఎత్తున్న డ్రైవర్‌కు రేసింగ్ సీటు – మూడో పాఠం: సీటును కిందికి దించడం

మొదటి పాఠంలో సీటు సైజు ఎంచుకున్నాం, రెండో పాఠంలో పాత సీటు విప్పాం. ఒక్క మాట మళ్లీ గుర్తు చేస్తాను: బ్యాటరీ వైరు తీసి కనీసం పది నిమిషాలు ఆగకుండా సీటు కింది పసుపు కనెక్టర్లను ముట్టుకోవద్దు. అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు.

ఇప్పుడు కారులో డ్రైవర్ వైపు ఫ్లోర్ ఖాళీగా ఉంది. టేపు కారులో పెట్టే ముందు మీ ఒంటిని కొలవండి. గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చోండి. హెల్మెట్ పెట్టుకుని, దాని మీద అట్టముక్క సమంగా ఉంచి, ఇంట్లో ఎవరితోనైనా గోడ మీద పెన్సిల్ గీత గీయించండి. నేల నుంచి ఆ గీత దాకా ఎంతుందో అదే మీ అసలు కొలత. నిలబడి చెప్పే ఎత్తుతో ఇక్కడ పని లేదు. మా చిన్నాన్న కొడుకు నాకంటే ఒక అంగుళం పొడవు, కానీ కూర్చుంటే నా తలే మూడు సెంటీమీటర్లు పైన ఉంటుంది. వాడి పొడవంతా కాళ్లలో ఉంది, నాది నడుము పైన. ఒకే కారులో మా ఇద్దరికీ ఒకే సీటు కుదరదు.

ఈ కొలత తీసుకోకుండానే నేను మొదటి సీటు బిగించాను. హన్మకొండలో ఇంటి ముందు కూర్చుని చూస్తే తలపైన బాగానే ఖాళీ ఉంది. రాత్రంతా ప్రయాణం చేసి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు చేరాక, హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించుకుంటే పైన రోల్ కేజ్ (కారు బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే ఉక్కు పైపుల చట్రం) పైపు తగిలింది. తనిఖీలో ఆపేశారు, ఆపడమే న్యాయం. హెల్మెట్ తలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తు కలుపుతుంది. నేను ఆ లెక్కే వేయలేదు.

అందుకే గురి ఇలా పెట్టుకోండి: బెల్టు బిగించి, హెల్మెట్‌తో మామూలుగా కూర్చున్నప్పుడు, హెల్మెట్‌కూ పైపుకూ మధ్య కనీసం ఐదు సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్లు దూరాలి. బెత్తెడు దొరికితే ఇంకా మంచిది. గట్టిగా గుద్దినప్పుడు బెల్టు సాగుతుంది, శరీరం పైకి లేస్తుంది. ఆ ఖాళీ దానికోసమే.

ఎత్తు తగ్గించే దారులు మూడు. మొదటిది స్లైడర్ తీసేయడం. ముందుకూ వెనక్కూ జరిపే ఆ పట్టాలు రెండు, మూడు సెంటీమీటర్లు తినేస్తాయి. కారు ఒక్కరే నడిపేటట్టయితే అవి అక్కర్లేదు. రెండోది, సీటును కింది నుంచి కాక పక్కల నుంచి బిగించడం. పక్క బ్రాకెట్ల మధ్య సీటు వేలాడినట్టుగా ఉంటుంది కాబట్టి అడుగు భాగం ఫ్లోర్‌కు దాదాపు ఆనేదాకా దించొచ్చు. మూడోది, సీటును కొంచెం వెనక్కి వాల్చడం. కూర్చునే చోటు నుంచి భుజం దాకా 65 సెంటీమీటర్లు ఉన్నవారికి, వాలు 15 డిగ్రీల నుంచి 25కు పెంచితే భుజం నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. ఇది సులువుగా కనిపిస్తుంది గానీ నేను దీన్ని చివర్లోనే వాడతాను. వాలు మరీ ఎక్కువైతే బ్రేక్ గుద్దినప్పుడు శరీరం బెల్టు కింద నుంచి ముందుకు జారుతుంది. తొడల మధ్య పట్టీ ఉండే ఆరు పాయింట్ల హార్నెస్ లేకుండా ఆ పని చేయొద్దు.

డ్రిల్లు ముట్టే ముందు ఉత్త సీటు పెట్టి చూడండి. ఫ్లోర్ మీద చెక్కపట్టీలు పేర్చి, పైన మడతపెట్టిన కొత్తవాడ జంపఖానా ఒకటి వేసి సీటు నిలబెట్టండి. కూర్చోండి, దిగండి, ఒక చెక్క తీయండి, మళ్లీ కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. వీపు సీటుకు ఆనించే ఉంచి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. నాకు ఇది కుదరడానికి ఒక ఆదివారం పొద్దంతా పట్టింది. తొందరపడకండి. ఇక్కడ ఒక చెక్క మార్చడం నిమిషం పని, బోల్టు పడ్డాక అదే రోజంతా పని.

ఇక బ్రాకెట్లు. వరంగల్ ఆటోనగర్‌లో వెల్డింగ్ అన్న కారు చూడగానే ఫ్లోర్‌కు అడ్డంగా ఉన్న క్రాస్ మెంబర్ చూపించి, "ఇది కోస్తే రెండు అంగుళాలు దిగుతది కదన్నా" అన్నాడు. వద్దన్నాను. పక్క నుంచి దెబ్బ తగిలితే డోర్ లోపలికి నొక్కుకుపోకుండా ఆపేవాటిలో ఆ పట్టీ ఒకటి. చెప్పగానే ఆయనకు అర్థమైంది. దాన్ని ముట్టకుండా, దాని ముందూ వెనకా పట్టేలా బ్రాకెట్ గీసి, రెండు సెంటీమీటర్లకు ఒక రంధ్రం వరుసగా వేసి ఇచ్చాడు. ఎత్తు, వాలు తర్వాత మార్చుకోవడానికి ఆ రంధ్రాలే నాకు ఇప్పటికీ ఆధారం.

ప్రపంచ మోటార్ రేసింగ్‌ను నడిపే సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం ఉక్కు బ్రాకెట్ మందం కనీసం 3 మిల్లీమీటర్లు, అల్యూమినియం అయితే 5. బోల్టులు కనీసం 8 మిల్లీమీటర్లవి, సీటుకు నాలుగు. తల మీద 8.8 అని ముద్ర ఉన్నవే కొనండి, అది బోల్టు బలానికి గుర్తు. ఫ్లోర్ రేకు పలచన కాబట్టి ప్రతి బోల్టు కింద 40 చదరపు సెంటీమీటర్లకు తగ్గని ఉక్కు ప్లేటు పడాలి. ఒట్టి వాషర్‌తో సరిపెడితే దెబ్బకు బోల్టు రేకును చించుకుని పైకి వస్తుంది.

సీటు దిగాక భుజం పట్టీలు మరిచిపోకండి. పొడుగువాళ్లకు ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే. సీటులో పట్టీలు దూరే రంధ్రాలు మీ భుజానికి సమంగా గానీ, కాస్త పైన గానీ ఉండాలి. కిందుంటే దెబ్బ తగిలినప్పుడు పట్టీ భుజాలను కిందికి లాగి వెన్నెముకను నొక్కేస్తుంది. అలాంటి సీటు మీది కాదు, ఎంత ఖరీదైనా మార్చాల్సిందే. రంధ్రం నుంచి, పట్టీ చివర కట్టే వెనక అడ్డ పైపు (బార్) దాకా పట్టీ నేలకు సమాంతరంగా ఉండాలి, లేదా కొద్దిగా కిందికి వాలాలి. పది డిగ్రీల లోపు మేలు, ఇరవై దాటకూడదు. ఫోన్‌లోని లెవెల్ యాప్ పట్టీ మీద పెడితే తెలిసిపోతుంది.

ఇంకా తల తగులుతుంటే కింది కుషన్ పలచనిది వేసుకోండి. మెత్తటి స్పాంజి మాత్రం వద్దు. అది అణిగినంత మేర బెల్టు వదులవుతుంది.

సీటు దిగితే స్టీరింగ్ ఎత్తుగా, దూరంగా అనిపిస్తుంది. దాని సంగతీ, పెడల్స్ సంగతీ వచ్చే పాఠంలో. ఈలోగా బోల్టులు బిగించి, ఇంజన్ ఆపి, హెల్మెట్, బెల్టు పూర్తిగా పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చోండి. ఎండ లేని పూట చూసుకోండి. తొడ కింద, నడుములో, భుజం మీద ఎక్కడ తిమ్మిరెక్కిందో కాగితం మీద రాసిపెట్టుకోండి. పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.